మన డబ్బు ఎవరి పుస్తకంలో ఉంది?

(బందరులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ఊళ్లో మాత్రం ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పోస్టుమాస్టారు అనేవారు, నేనూ అలాగే అంటాను. కట్టినవాళ్ల పాస్‌బుక్కులో అంకె వేసి, ముద్ర కొట్టి, కిటికీలోంచి వెనక్కి ఇచ్చేముందు ఆయన ఒక్క నిమిషం ఆగేవారు. "చదువుకుని వెళ్లమ్మా" అనేవారు. చదువురాని వాళ్లయితే పుస్తకం వాళ్లవైపు తిప్పి, అంకె మీద వేలు పెట్టి, "ఎంత కట్టావు? ఎంత రాశాను?" అని వాళ్ల నోటితోనే చెప్పించుకునేవారు. వెనక వరస ఎంత పెరిగినా, ఎవరెంత విసుక్కున్నా ఆ పద్ధతి మానలేదు. తన మీద నమ్మకం ఉంది కాబట్టి చూసుకోనక్కర్లేదని ఎవరైనా అంటే ఆయనకు నచ్చేది కాదు.

నేను ఖజానా శాఖలో పనిచేశాను. పెన్షన్ బిల్లులు చూసే సెక్షన్లోనే ఎక్కువ కాలం గడిచింది. పదవీ విరమణ చేసినవాళ్లు మొదటి నెల ఏ ముఖంతో వస్తారో, ఏడాది తిరిగాక ఏ ముఖంతో వస్తారో దగ్గరగా చూశాను. అందుకే నిర్వాహకులు "విరమణ దగ్గర పడ్డప్పుడు పొదుపు" అని అంశం చెప్పగానే ఒప్పుకున్నాను. ఏ యాప్ మంచిది, ఏ కంపెనీ ద్వారా పెట్టాలి అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నా దృష్టిలో యాభై ఐదు దాటాక ఆ ప్రశ్న కన్నా ముందు వేసుకోవలసినవి ఉన్నాయి. నా డబ్బు ఎవరి పుస్తకంలో, ఎవరి పేరు మీద రాసి ఉంది? ఆ పుస్తకాన్ని నేను స్వయంగా చూడగలనా? నేను పోయాక నా ఇంట్లోవాళ్లు చూడగలరా? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన చోటే డబ్బు పెట్టాలి. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే.

ముందు ఆ డబ్బు చేతికి వచ్చే తీరు చూద్దాం. ముప్ఫై ఏళ్లు నెలజీతంతో ఇల్లు నడిపిన మనిషి. ఒకటో తారీఖున వస్తుంది, ఇరవయ్యో తారీఖుకి పలచబడుతుంది, అదే అలవాటు. విరమణ చేయగానే జీపీఎఫ్, గ్రాట్యుటీ, సంపాదిత సెలవుల సొమ్ము, కమ్యుటేషన్, ఏపీజీఎల్ఐ, గ్రూపు ఇన్సూరెన్సు, ఒక్కోదానికి ఒక్కో బిల్లు, ఒక్కో టోకెన్ నంబరు. కొంచెం ముందూ వెనకగా అన్నీ కలిపి యాభై, అరవై లక్షలు ఒకే ఖాతాలో పడతాయి. అంత డబ్బు ఆయన అంతకుముందు ఎన్నడూ నిర్వహించలేదు. ప్రైవేటు ఉద్యోగికి ఇంకా కష్టం. ఆయన ఈపీఎస్ పెన్షన్ లెక్కకు జీతం గరిష్ఠంగా 15,000 అనుకుని, సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి, 70తో భాగిస్తారు. ముప్ఫై ఏళ్లు చేసినా నెలకు ఏడు వేలు దాటదు. అంటే పీఎఫ్‌గా వచ్చిన మొత్తమే ఆయనకు మిగిలిన జీవితపు జీతం.

ఆ డబ్బు పడిన వారంలోనే బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. మేనేజరు గారు కుర్చీ వేసి కాఫీ ఇప్పిస్తారు. మా వాళ్లలో ఒకాయన అలాగే వెళ్లి, ఫిక్సెడ్ డిపాజిట్ అనుకుని సంతకాలు పెట్టి వచ్చారు. ఇంటికి వచ్చిన కాగితాలు నాకు చూపించారు. అది బీమా పాలసీ. ప్రీమియం పదేళ్లపాటు ఏటా కట్టాలని మూడో పేజీలో ఉంది. ఆయన వయసు అరవై ఒకటి, ఇక జీతం లేదు. అదృష్టం ఏమిటంటే కాగితాలు అందిన 30 రోజుల్లోపు పాలసీ వద్దని రాసిచ్చే హక్కు బీమా నిబంధనల్లో ఉంది. దాన్ని వాడుకుని బయటపడ్డారు. ఆ బ్యాంకు పేరు చెప్పను, అది ఒక్క బ్యాంకు జబ్బు కాదు. చెప్పదలచింది ఇంతే: డబ్బు పడిన వారం నిర్ణయాలు తీసుకునే వారం కాదు. మూడు నెలలు ఆ ఖాతాలోనే ఉండనివ్వండి. ఎక్కడ పెట్టాలన్నది అంతకుముందే, ఉద్యోగంలో ఉండగానే, చిన్న మొత్తాలతో చేసి చూసి తేల్చుకుని ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. ఫోనులో కనిపించే యాప్ పోస్టాఫీసు కిటికీ లాంటిది. కిటికీ దగ్గర డబ్బు ఇస్తాం, కాగితం పుచ్చుకుంటాం, కానీ మన పేరు రాసి ఉండే పుస్తకం లోపల ఎక్కడో ఉంటుంది. షేర్లు కొంటే ఆ పుస్తకం డిపాజిటరీది: 1996లో మొదలైన ఎన్ఎస్‌డీఎల్, 1999లో వచ్చిన సీడీఎస్ఎల్. మ్యూచువల్ ఫండ్ యూనిట్లు డీమ్యాట్, అంటే డిపాజిటరీ ఖాతా, లేకుండా తీసుకుంటే పుస్తకం ఫండు రిజిస్ట్రార్‌ది, అంటే క్యామ్స్ లేదా మన హైదరాబాదులోని కేఫిన్‌టెక్. పోస్టాఫీసు పథకమైతే తపాలా శాఖది. యాప్ అందంగా ఉండటం, త్వరగా తెరుచుకోవడం, చార్టులు చూపించడం ఇవన్నీ కిటికీకి సంబంధించినవి. కిటికీ మూసేసినా పుస్తకం భద్రంగా ఉంటుందా, మరో కిటికీ నుంచి దాన్ని అడగగలమా అన్నదే వృద్ధాప్యంలో మనకు కావలసింది.

ఇది గాలిలో మాట కాదని మన తెలుగువాళ్లకు కార్వీ నేర్పింది. కార్వీ స్టాక్ బ్రోకింగ్ హైదరాబాదు కంపెనీ. మన జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో కూడా దాని ఆఫీసులుండేవి. తెలుగులో మాట్లాడే కుర్రాళ్లు, తెలిసినవాళ్ల పిల్లలు అక్కడ పనిచేసేవారు. 2019 నవంబరు 22న షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని ఉపయోగించి వాళ్ల షేర్లను కంపెనీ తన డీమ్యాట్ ఖాతాలోకి మళ్లించిందని, వాటిని బ్యాంకుల దగ్గర, ఫైనాన్స్ కంపెనీల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని ప్రాథమికంగా తేలిందన్నది అందులో సారాంశం. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబరు మధ్య నికరంగా 1,096 కోట్ల రూపాయలు కార్వీ రియాల్టీ అనే అనుబంధ కంపెనీకి వెళ్లాయని కూడా పేర్కొంది. దీనిలో చిక్కుకున్న ఖాతాదారులు 95 వేలమందికి పైనే. డిసెంబరు మొదట్లో సెబీ ఆదేశం మీద ఎన్ఎస్‌డీఎల్ సుమారు 83 వేలమంది షేర్లను వెనక్కి వాళ్ల ఖాతాల్లోకి మార్చింది. మిగిలినవాళ్లు చాలాకాలం తిరిగారు. 2020 నవంబరులో స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్ఎస్ఈ కార్వీని డిఫాల్టరుగా ప్రకటించింది.

దీనిలో గమనించవలసింది ఒకటుంది. ఆ ఖాతాదారులు ఎవరూ అత్యాశకు పోలేదు. ఎక్కువ వడ్డీ ఇస్తామన్నవాడి మాట నమ్మలేదు. మంచి కంపెనీల షేర్లే కొన్నారు, సెబీ దగ్గర నమోదైన బ్రోకరు ద్వారానే కొన్నారు. వాళ్లు చూస్తూ వచ్చింది మాత్రం బ్రోకరు చూపించే తెర, బ్రోకరు పంపే స్టేట్‌మెంటు. డిపాజిటరీ పుస్తకంలో తమ ఖాతా ఖాళీ అయిన సంగతి ఆ తెర మీద కనిపించలేదు. అదే గ్రూపులో పుట్టి అప్పటికే వేరుపడిన రిజిస్ట్రార్ కంపెనీ ఒకటుంది, దాని పుస్తకాల్లో ఉన్న మ్యూచువల్ ఫండ్ ఫోలియోలకు ఏమీ కాలేదు. కార్వీ ద్వారా ఫండ్లు కొన్నవాళ్లు మరో కిటికీకి వెళ్లి తమ యూనిట్లు అడిగి తీసుకోగలిగారు. కిటికీకీ పుస్తకానికీ తేడా ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఆ తరవాత నిబంధనలు బిగిశాయి. 2020 సెప్టెంబరు నుంచి షేర్లను తాకట్టు పెట్టాలంటే అవి ఖాతాదారు డీమ్యాట్లోనే ఉండాలి, ఓటీపీతో మనమే ఒప్పుకోవాలి. పవర్ ఆఫ్ అటార్నీ బదులు డీడీపీఐ అనే పరిమితమైన అధికారపత్రం వచ్చింది. 2022 జులై 1 నుంచి మ్యూచువల్ ఫండ్ ప్లాట్‌ఫారాలు మన డబ్బును తమ ఖాతాలో కలుపుకోవడానికి వీల్లేదు. ఇవన్నీ మంచివే. అయినా నిబంధన ఉందని మనం చూసుకోవడం మానకూడదు.

చూసుకోవడం ఎలా? పాన్ నంబరు మీద మనకున్న షేర్లు, ఫండ్లు అన్నీ కలిపి సీఏఎస్ అనే ఒకే స్టేట్‌మెంటు మెయిలుకు వస్తుంది. లావాదేవీ జరిగితే మరుసటి నెలలో వస్తుంది, ఏమీ జరగకపోతే ఆరు నెలలకోసారి. అది బ్రోకరు పంపేది కాదు, పుస్తకం ఉన్నవాళ్లు పంపేది. పాస్‌వర్డు సాధారణంగా మీ పాన్ నంబరే. దాన్ని తెరిచి, ఒక పక్క యాప్ పెట్టుకుని, యూనిట్ల సంఖ్య పోల్చుకోండి. రూపాయలు వద్దు, అవి రోజూ మారుతుంటాయి. యూనిట్లు మనం ముట్టుకోకుండా మారకూడదు. ఇంకొకటి కూడా చూడండి: ఆ స్టేట్‌మెంటులో రాసి ఉన్న ఫోను నంబరు, మెయిలు ఎవరివి? చాలామంది విషయంలో అది ఖాతా తెరిచిపెట్టిన ఏజెంటుది, లేదా అమెరికాలో ఉన్న అబ్బాయిది. ఓటీపీ ఎవరికి వెళుతుందో డబ్బు తాళం వాళ్ల దగ్గర ఉన్నట్టే. అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ రాత్రి పూట హాస్పిటల్లో డబ్బు కావలసి వచ్చినప్పుడు డాలస్‌లో ఆయన మీటింగులో ఉంటే ఏం చేస్తారు?

ఇక ఖర్చు సంగతి. 2013 జనవరి 1 నుంచి ప్రతి మ్యూచువల్ ఫండుకూ డైరెక్ట్ ప్లాన్ ఉంది. మధ్యవర్తికి కమీషను ఉండదు కాబట్టి దానిలో ఖర్చు తక్కువ. అదే ఫండు, అదే మేనేజరు. ఈ తేడా ఫండును బట్టి ఏడాదికి అర శాతం నుంచి ఒక శాతం వరకూ ఉండవచ్చు. ఒక శాతం అనుకుందాం. నలభై లక్షలు పదిహేనేళ్లు 9 శాతంతో పెరిగితే కోటీ నలభై ఐదు లక్షలు దాటుతుంది. 8 శాతంతో పెరిగితే కోటీ ఇరవై ఏడు లక్షలు. పద్దెనిమిది లక్షల పైచిలుకు తేడా. చిన్నదేం కాదు.

అలాగని అందరూ డైరెక్టుకే వెళ్లాలని నేను అనను. బజారు పడిపోయిన రోజు చేతులు వణికి అన్నీ అమ్మేసే స్వభావం ఉన్నవాళ్లకు ఫోను ఎత్తి "ఆగండి బాబాయి గారూ, మనం ముందే అనుకున్నాం కదా" అని చెప్పే మనిషి ఉంటే ఆ ఒక శాతానికి విలువ ఉంది. ఆ మనిషి కమీషను ఎంతో మీకు తెలియాలి, తెలిసి ఇవ్వాలి. లేదా సెబీ దగ్గర నమోదైన సలహాదారుకు ఫీజు ఇచ్చి లెక్క రాయించుకుని, డైరెక్టులో మీరే పెట్టుకోవచ్చు. ఉచితంగా సలహా ఇస్తున్నామనే చోట మాత్రం నాకు ఎప్పుడూ అనుమానమే.

ప్లాట్‌ఫారం ఎంచుకునేటప్పుడు అరవై దాటినవాళ్లు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది, దాన్ని ఎవరూ అడగరు. ఇద్దరి పేరు మీద ఖాతా తెరవనిస్తారా? పేరున్న యాప్‌లలోనే చాలావాటిలో ఒకరి పేరు మీదే ఫండ్లు కొనగలం. యువకుడికి అది సమస్య కాదు. మనకు సమస్యే. ఫండు కంపెనీ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి భార్యాభర్తలిద్దరి పేరు మీద, ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు అనే పద్ధతిలో పెట్టుకోవచ్చు. అందులో యాప్ సొగసు ఉండదు. కానీ ఒకరు పోయాక రెండోవారు తమ పుస్తకం తామే తెరుచుకుంటారు. యూనిట్లు డీమ్యాట్లో ఉన్నాయా, లేకుండా ఉన్నాయా అన్నదీ అడగండి. డీమ్యాట్ లేకుండా ఉంటే యాప్ మూతపడినా నేరుగా ఫండు కంపెనీ దగ్గరికో, 2021లో రెండు రిజిస్ట్రార్లూ కలిసి పెట్టిన ఎంఎఫ్ సెంట్రల్‌కో వెళ్లి తీసుకోవచ్చు.

ఎంత ఎక్కడ పెట్టాలి అన్నదానికి వస్తాను. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు తాకింది. 2009 మార్చికి 8 వేల దగ్గరికి దిగింది. ఆ జనవరిలో విరమణ చేసి, మొత్తం అరవై లక్షలూ షేర్ల ఫండ్లలో పెట్టి, నెలకు 35 వేలు తీసుకుంటూ వచ్చిన మనిషిని ఊహించండి. అరవై లక్షలు ఇరవై నాలుగు లక్షలయ్యాయి. తిన్నది నాలుగు లక్షల పైన. మిగిలింది ఇరవై. మళ్లీ అరవై కావాలంటే మూడింతలు కావాలి, ఈలోగా నెలనెలా తీస్తూనే ఉండాలి. బజారు తిరిగి లేచింది, నిజమే. కానీ చవకగా ఉన్నప్పుడు అమ్మి తిన్న యూనిట్లు తిరిగి రావు. ఇదే పతనం ఆయన ఉద్యోగంలో ఉండగా వచ్చి ఉంటే మేలే చేసేది. 2020 మార్చిలోనూ రెండు నెలల్లో 42 వేల నుంచి 26 వేలకు పడింది. నష్టం ఎంత అన్నదానికంటే, నెలనెలా తీసుకోవడం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో వచ్చిందా అన్నదే ఆ ఇంటి గతిని తేలుస్తుంది.

కాబట్టి పెన్షన్ పోను ఇంటికి ఇంకా ఎంత కావాలో లెక్క వేసుకుని, అయిదేళ్ల ఖర్చు బజారుతో సంబంధం లేని చోట ఉంచాలి. సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీము దీనికి సరిపోతుంది. 2023 ఏప్రిల్ నుంచి పరిమితి 30 లక్షలు. అప్పటి నుంచి వడ్డీ 8.2 శాతంగా ఉంది. అయిదేళ్ల గడువు, ఆ తరవాత మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ముప్ఫై లక్షలకు మూడు నెలలకు 61,500 వస్తుంది, నెలకు ఇరవై వేల ఐదు వందలు. భార్యాభర్తలిద్దరికీ అరవై నిండితే ఎవరి ఖాతా వారిది, ఎవరి పరిమితి వారిది. ఉమ్మడి ఖాతా తెరిస్తే మొత్తం మొదటి పేరుకే లెక్క. వడ్డీని సేవింగ్స్ ఖాతాలో జమ అయ్యేలా రాసివ్వండి, తీసుకోని వడ్డీకి వడ్డీ రాదు. ఇది చాలామందికి తెలియదు.

కానీ మొత్తం అక్కడే పెట్టి నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ నలభై వేలతో నడిచే ఇల్లు పన్నెండేళ్లకు ఎనభై వేలు అడుగుతుంది. స్థిరమైన వడ్డీ పెరగదు. అందుకే మిగిలినదాంట్లో కొంత భాగం, మందులకూ తిండికీ ముట్టుకోనక్కర్లేనిది, షేర్ల ఫండ్లలో ఉండాలి. ఎంత అన్నది మనిషిని బట్టి. పూర్తి పెన్షన్ ఉన్నవారు కొంచెం ఎక్కువ ఉంచవచ్చు. సీపీఎస్‌లో చేరిన మన పిల్లలు, అంటే 2004 సెప్టెంబరు నుంచి ఉద్యోగంలోకి వచ్చి కంట్రిబ్యూటరీ పెన్షన్ ఉన్నవారు, జీవితాంతం నెలనెలా చెల్లించే యాన్యుటీ కొనే రోజున మాత్రం ఆగి ఆలోచించాలి. ఒకసారి కొన్నాక మార్చుకోలేరు. తమ తరవాత భార్యకో భర్తకో కొనసాగే రకాన్నే తీసుకోవాలని నా సలహా. నెలకు కొంచెం తక్కువ వచ్చినా సరే.

బ్యాంకు డిపాజిట్ల విషయం క్లుప్తంగా. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకూ బీమా. ఒకే బ్యాంకు మూడు బ్రాంచీల్లో పెట్టినా లెక్క ఒకటే. అంతకుముందు ఆ బీమా లక్షే. 2001-02 ప్రాంతంలో హైదరాబాదులో కృషి, చార్మినార్ వంటి కోఆపరేటివ్ బ్యాంకులు మూతపడ్డప్పుడు గేట్ల ముందు నిలబడినవాళ్లలో విశ్రాంత ఉద్యోగులు ఎంతోమంది. కాస్త వడ్డీ ఎక్కువని వెళ్లిన డబ్బు అది. మన బందరులోనే 1923లో పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. బోర్డు మారినప్పుడు మనకు బాధ కలిగింది, కానీ ఒక్కరి డిపాజిట్టూ పోలేదు.

అగ్రిగోల్డ్ గురించి చెప్పకుండా ఈ జిల్లాల్లో పొదుపు గురించి మాట్లాడటం న్యాయం కాదు. విజయవాడ కంపెనీ. పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షలమంది కట్టారు. స్థలం ఇస్తామనో, డబ్బు తిరిగి ఇస్తామనో రెండు మాటల కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం ఏ నియంత్రణ సంస్థ పుస్తకంలోనూ లేదు. డబ్బు తిరిగి రాలేదు. కట్టించుకున్న ఏజెంటు మన వీధి మనిషే, చాలాచోట్ల తను కూడా కట్టినవాడే. ఆయన తప్పు చేశాడని అనలేను. తెలియక చేసినవాళ్లే ఎక్కువ, వాళ్లలో కొందరు ఊళ్లో తలెత్తుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. పరిచయం అనేది నిజాయితీకి హామీ కావచ్చునేమో గానీ డబ్బుకు హామీ కాదు. ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకు కొంత ఇచ్చింది, ముందు పది వేలలోపు వాళ్లకు, తరవాత ఇరవై వేలలోపు వాళ్లకు. పెద్ద మొత్తాలు కట్టినవాళ్లలో ఈ హాలులో ఉన్నవాళ్లూ ఉన్నారని నాకు తెలుసు.

ఇప్పుడా ఏజెంటు స్థానంలో వాట్సాప్ గ్రూపు వచ్చింది. పేరున్న బ్రోకరు లోగో, రోజూ లాభాలు వచ్చాయని చెప్పే వందమంది సభ్యులు, ప్లే స్టోరులో కాకుండా లింకు నొక్కితే దిగే యాప్. మొదట పదివేలు పెడితే పన్నెండు వేలు నిజంగానే ఖాతాలో వేస్తారు. అది చూసి పది లక్షలు పెట్టాక, తీసుకోవాలంటే ముందు పన్ను కట్టమంటారు. గుర్తు పట్టడానికి ఒకటే దారి: డబ్బు ఎవరి ఖాతాకు వెళుతోంది? 2025 అక్టోబరు నుంచి సెబీ దగ్గర నమోదైన బ్రోకర్లకు, ఫండ్లకు యూపీఐ ఐడీలో "వ్యాలిడ్" అనే మాట ఉంటుంది, చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. సెబీ చెక్ అనే సదుపాయంలో బ్యాంకు ఖాతా నంబరు కూడా సరిచూసుకోవచ్చు. ఎవరిదో వ్యక్తి పేరున్న కరెంటు ఖాతాకు వేయమంటే అక్కడే ఆగిపోండి. వేసేసి ఉంటే సిగ్గుపడి దాచకండి, వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. మొదటి గంటల్లో చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఉంది.

చివరగా, నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచినది. ఫ్యామిలీ పెన్షన్ కోసం వచ్చిన ఒకావిడ. పసుపు రంగు చేతిసంచిలోంచి భర్త ఫోను తీసి నా బల్ల మీద పెట్టారు. "ఇందులో డబ్బులున్నాయని ఆయన అనేవారమ్మా" అన్నారు. ఫోను తెరవడానికి నంబరు ఆవిడకు తెలియదు. భర్త వేలిముద్రతో తెరిచేవారు. ఆయన పోయి అప్పటికి నెల దాటింది. రీచార్జి చేయించలేదు, సిమ్ ఆగిపోయే దశలో ఉంది. మాది ఖజానా ఆఫీసు, ఫండ్లతో మాకు సంబంధం లేదు. అయినా కూర్చోబెట్టాం. ముందు సిమ్‌కి రీచార్జి చేయించాం. ఆయన పాన్ కార్డు జిరాక్సు పాత ఆదాయపు పన్ను కాగితాల్లో దొరికింది. బ్యాంకు పాస్‌బుక్కు ప్రింటు వేయిస్తే నెలనెలా ఫండు కంపెనీలకు వెళ్లిన వాయిదాల పేర్లు కనిపించాయి. ఆ పేర్లు పట్టుకుని మరణ ధ్రువపత్రంతో రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లమన్నాం. నామినీగా ఆవిడ పేరున్న ఫోలియోల డబ్బు తొందరగానే వచ్చింది. నామినీ లేని ఒక్కదానికి వారసత్వ పత్రం, అఫిడవిట్లు, కోర్టు చుట్టూ తిరగడం. ఒకే మనిషి, ఒకే భార్య, అంతా ఫారంలో నింపని ఒక్క గడి వల్ల.

నామినీ రాస్తే ఆస్తి వాళ్లదైపోతుందని కొందరు భయపడి ఖాళీగా వదిలేస్తారు. 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది: నామినీ తీసుకుని ఉంచేవారే, హక్కు వారసత్వ చట్టం ప్రకారమే. కాబట్టి నామినీ రాయండి, విల్లు కూడా రాయండి. ఎక్కడ ఏముందో ఒక కాగితం మీద చేత్తో రాసి ఇంట్లో పెట్టండి. పాస్‌వర్డులు అక్కర్లేదు. పాన్ నంబరు, ఏ రిజిస్ట్రారు, ఏ డిపాజిటరీ, ఏ పోస్టాఫీసు, ఏ నంబరు సిమ్. ఇంతే చాలు. మగవాళ్లు ఈ కాగితం రాసేటప్పుడు భార్యను పక్కన కూర్చోబెట్టుకోండి. జీవితమంతా ఇంటి ఖర్చు పైసలతో సహా లెక్క పెట్టినవాళ్లకు ఈ పేర్లు అర్థం కావని అనుకోవడం తప్పు.

ఈ సంఘానికి నాదొక కోరిక. జీవన ప్రమాణ పత్రాల కోసం ఏటా మీరందరూ ఇక్కడికే వస్తారు. ఆ రోజుల్లో ఒక బల్ల వేరుగా వేయించండి. సీఏఎస్ కాగితం ప్రింటు తీసుకుని భార్యాభర్తలిద్దరూ రావాలి. ఫోను నంబరు, మెయిలు, నామినీ ఈ మూడు గడులు అక్కడే సరిచూద్దాం, తప్పున్న చోట ఫారాలు అక్కడే నింపిద్దాం. స్మారక నిధి వడ్డీలో ప్రింటరుకూ కాగితాలకూ సరిపడా ఉందని కోశాధికారి గారు ఇందాక నాతో అన్నారు. నేను వస్తాను. డిగ్రీ కాలేజీ కామర్సు పిల్లలు కొందరు వస్తామన్నారు. తేదీ అధ్యక్షుల వారు ప్రకటిస్తారు.